కాడుగోడిలో రైతుసంత: మూడంతస్తుల బిల్డింగా, మాలూరు పెంకుల షెడ్డా?

అనపగింజ

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

మాది మదనపల్లె. బెంగుళూరు వచ్చి 14 ఏళ్ళయింది. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషనుకు రెండు కిలోమీటర్లలో ఉంటాం. స్టేషను పేరు వైట్‌ఫీల్డే గానీ అది ఉన్నది కాడుగోడిలో. పోయిన డిసెంబరులో మా అత్తగారు పితికిపప్పు కూర, అదే తొక్క పితికిన అనపగింజల కూర, తినాలనుందన్నారు. యాప్‌లో పితికిన గింజలు తెప్పిస్తే పావుకేజీ ప్యాకెట్టు వచ్చింది, వాసనే లేదు. మంచు తిన్న అనపకాయ ఒలిస్తే వేళ్ళకు అంటిన జిడ్డు రెండు పూటలు వదలదు. ఆ వాసన లేనిది ఇంకేదైనా పప్పు కావచ్చు, పితికిపప్పు మాత్రం కాదు. వీవీ పురం వైపు ఏటా అవరెకాయ (అనపకాయ) మేళా పెడతారు, నిజమే. ఇక్కడి నుంచి పోయి రావాలంటే ఒక పూట ట్రాఫిక్కుకే సరిపోతుంది.

మాకు పాలుపోసే అతని బావమరిది మాలూరు పక్క అనప వేశాడని తెలిసి, రెండు గోతాలు తెమ్మన్నాను. ఆదివారం పొద్దున 7 గంటలకు గేటు దగ్గర దించాడు. ఎనిమిదింబావుకు ఖాళీ గోతాలు దులుపుకుని పోయాడు. వచ్చేవారం ఏం తేవాలని అతనే అడిగాడు, ఏం తెస్తారని మా అపార్టుమెంటు వాళ్ళూ అడిగారు. అలా మొదలైంది.

ఇప్పుడు ఆదివారాలు ఏడుగురి దాకా వస్తున్నారు. మాలూరు వైపు ముగ్గురు, హోసకోటె నుంచి ఇద్దరు, కుప్పం నుంచి ఒకామె రైల్లో గంపతో దిగుతుంది. దేవనహళ్ళి ఆయన కాపు ఉన్నప్పుడే వస్తాడు, నల్లద్రాక్ష, పంపరపనస తెస్తాడు. ఆ ద్రాక్షకు బెంగుళూరు బ్లూ అని భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మా అపార్టుమెంటు పిల్లల్లో సగం మంది దాన్ని మొదటిసారి ఇక్కడే తిన్నారు. తొక్క మందం, లోపల విత్తనాలు, మొదట మొహం చిట్లించి తర్వాత గుత్తి ఖాళీ చేశారు. నేను చేసేది రెండే పనులు. శనివారం రాత్రి ఎవరు ఏం తెస్తున్నారో గ్రూపులో పెడతాను, ఆదివారం పలకమీద ధరలు రాస్తాను.

ఇప్పుడు అసలు విషయం. మా లేఔట్ చివర ఒక సీఏ సైటు, అంటే పౌర సదుపాయాలకని వదిలిన జాగా, ఖాళీగా ఉంది. లోపలంతా పార్థీనియం కలుపు, తాగి పారేసిన సీసాలు. మా సంత చూసి అసోసియేషన్ వాళ్ళకు ఉత్సాహం వచ్చి, అక్కడ పర్మనెంటు మార్కెట్ కట్టేద్దామంటున్నారు. సంతోషమే. కానీ వాళ్ళు గీయించిన ప్లాను చూసి నా గుండె జారిపోయింది. కింద పార్కింగు, మొదటి అంతస్తులో కూరగాయలు, దానిపైన ఫుడ్ కోర్టు, అన్నిటికన్నా పైన యోగా హాలు. చుట్టూ అద్దాలు. బొమ్మలో రైతుకు ఎర్ర తలపాగా, గుబురు మీసాలు పెట్టారు. మా ఏడుగురిలో నలుగురు ఆడవాళ్ళు.

నేనన్నది ఒకటే. నాలుగు పక్కలా తెరిచిన షెడ్డు, పైన మాలూరు పెంకులు, రెండు కొళాయిలు, రెండు మరుగుదొడ్లు. "పల్లెటూరి సంత తెచ్చి ఇక్కడ పెడతారా మేడం?" అన్నారొకాయన. అవునండీ, అదే తెస్తాను అన్నాను. మీటింగులో ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు అనుకూలమని మాత్రం అనుకోవట్లేదు.

ఇంకో ముల్లు ఉంది. మా గేటు బయట పన్నెండేళ్ళుగా ఆకుకూరలు అమ్మే అక్క ఒకామె ఉంది. ములబాగిలు పక్క పల్లె, మాట్లాడేది మన తెలుగే. ఆమె రైతు కాదు. తెల్లవారుజామున మూడింటికి కేఆర్ మార్కెట్‌కు పోయి కట్టలు కొనుక్కొచ్చి అమ్ముతుంది. సంత మొదలయ్యాక ఆదివారం ఆమె బేరం సగానికి పడిపోయింది. "నువ్వు మంచిదానివేలే అమ్మా, నీ మంచితనం వచ్చి నా గంప మీదే పడింది" అంది మొన్న. నవ్వుతూనే అంది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

షెడ్డా, బిల్డింగా? రైతు కానివాళ్ళకు చోటివ్వాలా? లోకల్ అంటే ఎంత దూరం? మదనపల్లె టమోటా నాకు లోకలే అనిపిస్తుంది, కానీ అది పుట్టింటి మమకారం అని మా ఆయన వెక్కిరిస్తాడు. సంతలు నడిపినవాళ్ళు, సంతల్లో అమ్మినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

పదిహేనుకేజీలబాక్సు

అక్కా నమస్తే. మాది ములబాగిలు తాలూకా, మూడెకరాల సేద్యం. బిల్డింగుల సంగతి నాకు తెలీదు. రైతు ఎందుకు వస్తాడు, ఎందుకు మానేస్తాడు, అది చెప్తాను.

ఒక ఎకరం టమోటా మంచి కాపు మీద ఉంటే కోతకు వంద బాక్సుల దాకా దిగుతుంది. బాక్సంటే 15 కేజీలు. మీ సంతలో పొద్దున్నుంచి గొంతు చించుకుంటే నాలుగు బాక్సులు పోతాయి. మిగతా 96 ఎక్కడికి? కోలారు మండీకే. ఆ బండి ఎలాగూ రాత్రే పోవాలి. నాలుగు బాక్సుల కోసం ఇంకో బండి, ఇంకో మనిషి, ఒక ఆదివారం నిద్ర, ఇవన్నీ కలిపితే నాకు గిట్టదు. కాబట్టి నాలాంటివాణ్ణి పిలవొద్దు. అరెకరంలో వంకాయ, బీర, మిరప, మెంతి, కొత్తిమీర, ఇంటి ముందు నాలుగు మునగ చెట్లు, అలా వేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మండీలో వాళ్ళ సరుకును చూసేవాడుండడు, అన్నీ తలా పది కేజీలే కదా. మీ సంత వాళ్ళకు బంగారం. ఎక్కువగా ఆ సేద్యం చేసేది ఆడవాళ్ళే, మీ ఏడుగురిలో నలుగురు ఆడవాళ్ళు కావడం నాకేం వింతగా లేదు.

ధర సంగతి. 2023 జులైలో కోలారులో బాక్సు రెండు వేలు దాటింది. అలాంటి వారం మీ దగ్గరికి ఎవడూ రాడు, పెళ్ళికొడుకులా మండీకి పోతాడు. ఇంకో నెలలో అదే బాక్సుకు కోతకూలి కూడా రాక తోటలోనే వదిలేస్తాం. అప్పుడు మీ గేటు ముందు ఇరవై మంది నిలబడతారు. రెండు వారాల్లోనూ వచ్చే మనిషి మీకు కావాలి. దానికి సీజను మొదట్లోనే కూర్చుని ఇంతకు తగ్గం, ఇంతకు మించం అని రెండు గీతలు గీసుకోండి. మీ అపార్టుమెంటు వాళ్ళు పైగీతకు ఒప్పుకోవడం తేలిక. ధర పడిపోయినప్పుడు కిందిగీత దగ్గర నిలబడతారా, అసలు పరీక్ష అదీ.

మరుగుదొడ్లు మీరే రాశారు, దండం. మా అమ్మ సంతకు పోయే రోజు పొద్దున్నుంచి నీళ్ళు తాగేది కాదు. ఎందుకో నాకు పెళ్ళయ్యాక నా భార్య చెప్తే తెలిసింది.

కొసరు అడగొద్దని బోర్డు మాత్రం పెట్టకండి. కొసరు లేకపోతే సంత ఆసుపత్రిలా ఉంటుంది. కానీ అరకేజీకి ఐదు రూపాయలు తగ్గించి, పైన కరివేపాకు తీసుకుని, క్యూఆర్ కోడ్ పనిచేయట్లేదని వెళ్ళిపోయేవాళ్ళను కాస్త చూసుకోండి. కారు తాళం వేలికి తిప్పుకుంటూ బేరమాడేవాళ్ళతోనే మాకు ఎక్కువ తంటా.

---

పాత ఇంజినీరు

అనపగింజ గారూ, మున్సిపల్ ఇంజినీరింగులో 33 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఏ ఊరో అడక్కండి. నేను కట్టిన ఒక మార్కెట్ పై అంతస్తులో ఇప్పుడు పావురాలు కాపురం చేస్తున్నాయి.

కూరగాయలు కొనేవాడు మెట్లెక్కడు. చేతిలో ఐదు కేజీల సంచి ఉన్నవాడు అసలే ఎక్కడు. దీనికి పెద్ద సర్వే అక్కర్లేదు, ఒక పొద్దున కేఆర్ మార్కెట్‌కు వెళ్ళి చూడండి. పాత మార్కెట్ 1928 నాటిది. తర్వాత కట్టిన అంతస్తుల భవనంలో కింద పూల దగ్గర కాలు పెట్టే సందుండదు, పైకి పోయేకొద్దీ జనం పల్చబడతారు. అంగళ్ళు లోపల ఉంటాయి, బేరం మాత్రం బయట రోడ్డు మీద. ఒకడు రోడ్డు మీద కూర్చున్నాక లోపలివాడు కూడా బయటికి రాక తప్పదు. శివాజీనగర్ రసెల్ మార్కెట్ 1927లో కట్టింది. ఎత్తైన కప్పు, నడవాలు, నేలమీదే అంగళ్ళు. ఎంత పాడుబడినా ఇప్పటికీ బేరం నడుస్తోంది. 2012 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో వందకు పైగా అంగళ్ళు కాలిపోయాయి, అయినా మళ్ళీ తెరిచారు. అందుకని మీ షెడ్డుకు వైర్లు వేలాడదీయనివ్వకండి, ఫైరింజను తిరిగేంత దారి ఒక పక్క వదలండి.

షెడ్డుకే నా ఓటు. అయితే షెడ్డులోనూ తప్పులు చేయొచ్చు. నేను చేశాను కూడా.

నేల గురించి ఎవరూ ఆలోచించరు. నున్నటి టైల్సు వేస్తే మొదటి వానకే ఎవరో ఒకరు జారిపడతారు. గరుకు బండలు వేయించండి, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వండి. కాలువ మీద మూత ఒక మనిషి చేత్తో ఎత్తగలిగేలా ఉండాలి. ఇద్దరు కావాలంటే దాన్ని జన్మలో ఎవరూ ఎత్తరు, కొత్తిమీర కాడలు కుళ్ళి ఆరు నెలల్లో కంపు మొదలవుతుంది. అమ్మేవాళ్ళు కూర్చునే అరుగు మోకాలెత్తుకు మించొద్దు. నేను ఒకచోట నడుమెత్తు కట్టాను, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. గంపలు దించడం, ఎత్తడం కష్టమై నెల తిరక్కుండా అందరూ అరుగు వదిలేసి ముందు నేలమీద గోనెలు పరుచుకున్నారు.

పెంకుల ఆలోచన భేషుగ్గా ఉంది. రేకుల కింద ఏప్రిల్లో ఆకుకూర పదింటికే తల వాల్చేస్తుంది. చూరు మాత్రం మీటరైనా బయటికి రానివ్వండి, బెంగుళూరు వాన నిలువుగా పడదు, పక్కనుంచి కొడుతుంది.

ఇదంతా తర్వాత. ముందు ఆ సైటు ఎవరిదో చూడండి. బీడీఏ (బెంగుళూరు అభివృద్ధి సంస్థ) సీఏ సైట్లు లీజుకు ఇస్తుంది, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. కాగితం చూడకుండా సిమెంటు తేవొద్దు. 2025 సెప్టెంబరులో ఊరంతటికీ ఒకటే ఉన్న నగరపాలిక బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు అయ్యాయి కదా, మీది తూర్పు కార్పొరేషన్ కిందికి వస్తుంది. అక్కడికి ఒట్టి చేతులతో పోకండి, తొమ్మిది నెలల ఆదివారాల లెక్క రాసుకుని పోండి. ఎంతమంది వచ్చారు, ఎంత సరుకు అమ్ముడుపోయింది, ఎంత చెత్త మిగిలింది. అద్దాల బిల్డింగు ప్లాను కన్నా ఆ లెక్క ఎక్కువ పనిచేస్తుంది.

ఆకుకూరల అక్క విషయం మాత్రం మీ దయాదాక్షిణ్యాలది కాదమ్మా, చట్టానిది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి వాళ్ళకు సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళను లేపకూడదు. ఈ సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు. ఆమెకు సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. లేకపోతే ముందు ఆ పనిచేసి పెట్టండి.

---

మెహదీపట్నం సంచి

హైదరాబాదు నుంచి ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. రైతుబజారులో పెరిగినదాన్ని అనుకోండి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పుడు నేను ఏడో తరగతి. ఆదివారం నాన్న, నేను రెండు గుడ్డసంచులు పట్టుకుని మెహదీపట్నం పోయేవాళ్ళం. గేటు దగ్గర నల్లబోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉండేవి, హోల్‌సేలు కన్నా పైన, బయటి అంగడి కన్నా కింద. నాన్న ముందు బోర్డంతా చదివి, తర్వాతే లోపల అడుగుపెట్టేవారు, సినిమాకు ముందు పోస్టరు చూసినట్టు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందై మొదలైంది, పద్ధతి ఇంచుమించు ఇదే.

అక్కడ రైతుకు గుర్తింపు కార్డు ఉండేది. మొదట్లో బాగుండేది. కొన్నేళ్ళకు కార్డు ఒకరిది, కూర్చునేది ఇంకొకరు. హైదరాబాదు చుట్టుపక్కల ఆపిల్ ఎవరు పండిస్తారు చెప్పండి? అయినా ఒక అరుగుమీద కనిపించేది. కార్డు చూసే ఉద్యోగికి అందరూ తెలిసినవాళ్ళే అయిపోతారు, ఎవరిని లేపగలడు? అందుకని, "రైతులకు మాత్రమే" అని బోర్డు పెట్టగానే అబద్ధం చెప్పాల్సిన అవసరాన్ని మీరే పుట్టిస్తారు. దానికి బదులు పలకమీదే నిజం రాయించండి. తెల్లసుద్దతో రాస్తే "నా పొలం", పచ్చసుద్దతో రాస్తే "కొన్నది". ఏది కావాలో కొనేవాళ్ళు చూసుకుంటారు. ఆకుకూరల అక్క పచ్చసుద్దతో దర్జాగా కూర్చుంటుంది. అబద్ధం ఆడితే మాత్రం ఆ అరుగు పోతుంది, అంతే.

కూరగాయలు, పండ్లు అమ్మే హాప్‌కామ్స్ బంకులను కూడా ఒకసారి చూసి రండి. ఆ సంస్థ 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైంది. ఆ చిన్న బంకులు బస్టాపుల పక్కన, ఆసుపత్రుల ముందు ఉంటాయి, అంటే మనిషి ఎలాగూ నడిచే దారిలో. మీ సీఏ సైటు లేఔట్ చివర అన్నారు. చివరికి ఎవరు నడుస్తారండీ? నా అనుమానం షెడ్డు మీద కాదు, ఆ చోటు మీద.

లోకల్ అని పొంగిపోయే ముందు ఒకటి. 2018 నుంచి బెంగుళూరు మురుగునీళ్ళను శుద్ధిచేసి కోలారు చెరువుల్లోకి వదులుతున్నారు కదా. ఆ నీళ్ళ పంటేనా అని మీ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు. అడగకముందే జవాబు సిద్ధం చేసుకోండి.

---

పదిహేనుకేజీలబాక్సు

సంచి అక్కా, ఆ నీళ్ళను చెరువులో నుంచి నేరుగా పొలానికి తోడకూడదు, అవి భూమిలోకి ఇంకడానికి వదిలినవి. మా పక్క ఊరి చెరువు నేను పుట్టాక మొదటిసారి ఎండాకాలం ఎండకుండా ఉంది, ఎండిన బోర్లలో నీళ్ళు పడ్డాయి. మంచిదా చెడ్డదా అంటే, బోరు నీళ్ళు పరీక్ష చేయించి కాగితం తెస్తాం. అడిగితే తప్పు లేదు. కానీ ఆ మురుగు పంపింది బెంగుళూరే కదా, అడిగేటప్పుడు కాస్త మెల్లగా అడగమనండి.

---

అనపగింజ

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. ఇంజినీరు గారూ, పావురాల సంగతి మా మీటింగులో చెప్పాను. యోగా హాలు గీయించిన ఆయనే ముందు నవ్వారు. ప్లాను ఇంకా చింపలేదు గానీ "ఫేజ్ టూ" అని పేరు పెట్టారు. ఫేజ్ టూ అంటే ఏమిటో బెంగుళూరులో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

చోటు గురించి సంచి గారు అన్నది నాకు గట్టిగా తగిలింది. పోయిన ఆదివారం సైటు దగ్గర ఒక గంట నిలబడి లెక్కపెట్టాను, నడిచిపోయినవాళ్ళు పదకొండు మంది. మా గేటు ముందు అదే గంటలో మూడు వందలు దాటారు. అందుకే మూడు నెలలు నెలకో ఆదివారం మాత్రం సైటులో షామియానా వేసి చూస్తాం, మిగతా ఆదివారాలు గేటు దగ్గరే. జనం అంత దూరం రాకపోతే పెంకులు కొనే పనే లేదు. కుప్పం ఆమె మాత్రం సైటే నయమంటోంది, స్టేషను నుంచి ఆ పక్క దగ్గర, ఆటో డబ్బులు మిగులుతాయట. ఈ లెక్క నాకు తట్టనేలేదు.

రెండు గీతల సంగతి రైతులతో మాట్లాడాను. టమోటాకు కుదిరింది, బీన్సుకు కుదరలేదు. బీన్సు ధర దేవుడికే తెలీదన్నాడు హోసకోటె ఆయన. సరే, ఒక్క టమోటాతో మొదలుపెడతాం. నిలవ పచ్చళ్ళు, పొడులు తెస్తామని ఇద్దరు అడిగారు. పొలంలో పండింది పండినట్టు అమ్మే రైతుకు ఆహార భద్రత చట్టం వర్తించదు గానీ, పచ్చడి చేసి అమ్మితే రిజిస్ట్రేషన్ కావాలి కదా. అది అయ్యాకే రమ్మన్నాను.

అక్కకు సర్టిఫికెట్ లేదు. పోయిన సర్వే అప్పుడు ఆమె ఊళ్ళో అమ్మవారి జాతరకు పోయిందట, పేరు ఎక్కలేదు. ఆధార్, ఫోటోలు తీసుకుని బుధవారం ఇద్దరం కార్పొరేషన్ ఆఫీసుకు పోతున్నాం. పచ్చసుద్ద గురించి చెప్తే కాసేపు ఆలోచించి, "నాకు రాత రాదు, నువ్వే రాయి. కానీ కొన్నది అని ఊరికే రాయొద్దు, మూడింటికి లేచి కొన్నది అని రాయి" అంది. అలాగే రాశాను. పలకమీద పట్టలేదు, రెండు వరుసలయింది.

ఒక్క సాయం కావాలి. ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలని మొన్నే తెలిసింది. మా ఏడుగురిలో ముద్ర ఉన్నది ఇద్దరి కాటాలకే. కాడుగోడి, హోసకోటె చుట్టుపక్కల కాటాలు రిపేరు చేసి ముద్ర వేయించిపెట్టే మనిషి ఎవరికైనా తెలిస్తే నాకు మెసేజ్ చేయండి. ఆదివారం లోపు.